నోడ్ దాకా రాని బీమ్: రిజిడ్ ఆఫ్‌సెట్‌ల సంగతి

6 మీటర్ల దూరంలో రెండు కాలమ్‌లు ఉన్నాయి. ఒక్కోటి 600 మి.మీ. వెడల్పు. వాటి మధ్య ఒక బీమ్. కంప్యూటర్ మోడల్‌లో ఆ బీమ్ ఒక గీత మాత్రమే. ఈ కాలమ్ నడిమధ్యలో మొదలై ఆ కాలమ్ నడిమధ్యలో ఆగుతుంది, పొడవు 6 మీటర్లు. టేపు పట్టి కొలిస్తే మాత్రం కాలమ్ ముఖం నుంచి కాలమ్ ముఖానికి 5.4 మీటర్లే వస్తుంది. మిగిలిన 600 మి.మీ.లో సగం ఈ కాలమ్ కడుపులో, సగం ఆ కాలమ్ కడుపులో ఉంది. అక్కడ బీమ్ అని విడిగా చెప్పుకోదగ్గది ఏమీ లేదు. అన్ని వైపుల నుంచీ మెంబర్లు, అంటే బీమ్‌లూ కాలమ్‌లూ, వచ్చి కలిసే కాంక్రీటు దిమ్మ అది. బీమ్ వంగినట్టు ఆ దిమ్మ వంగదు.

మోడల్‌కి ఈ సంగతి తెలియదు. గీతకి వెడల్పు ఉండదు కాబట్టి, చివరి 300 మి.మీ. కూడా మిగతా బీమ్‌లాగే వంగుతుందని లెక్క కట్టేస్తుంది. దీన్ని సరిచేయడానికి పెట్టేదే రిజిడ్ ఆఫ్‌సెట్. నోడ్, అంటే మోడల్‌లో గీతలు కలిసే బిందువు, కాలమ్ మధ్యలోనే ఉంటుంది. అక్కడి నుంచి కాలమ్ ముఖం దాకా వంగని చేయి ఒకటి చాచి ఉంటుంది. ఆ చేయి కొసన అసలు బీమ్ మొదలవుతుంది.

వినడానికి చిన్న విషయమే. కానీ మోడల్ జవాబుని చడీచప్పుడు లేకుండా చెడగొట్టేవాటిలో ఇది ముందు వరసలో ఉంటుంది. ఇక్కడ తప్పు చేస్తే ఎర్రర్ మెసేజ్ రాదు. అంకెలు చూడముచ్చటగానే వస్తాయి.

10 శాతం పొడవు, 37 శాతం స్టిఫ్‌నెస్

పై ఉదాహరణలో బీమ్ పొడవు తగ్గింది 10 శాతమే. కానీ పక్కనుంచి వచ్చే బలానికి ఆ బీమ్ ఇచ్చే స్టిఫ్‌నెస్, అంటే వంగకుండా ఎదిరించే గట్టిదనం, 37 శాతం పెరుగుతుంది. ఎందుకో తెలియాలంటే ఒక్క జాయింట్‌ని దగ్గరగా చూడాలి.

గాలో భూకంపమో నెట్టినప్పుడు రెండు నోడ్‌లూ ఒకే దిశలో 0.002 రేడియన్ తిరిగాయనుకుందాం. ఎడమ నోడ్ నుంచి చాచిన చేయి పొడవు 300 మి.మీ. కాబట్టి దాని కొస 0.6 మి.మీ. పైకి లేస్తుంది. కుడి నోడ్ చేయి కొస అంతే కిందికి దిగుతుంది. బీమ్ రెండు చివరల మధ్య 1.2 మి.మీ. తేడా వచ్చింది. 5.4 మీటర్ల మీద అది సుమారు 0.00022 రేడియన్ వాలు. చివరలు ఒక వైపు తిరుగుతుంటే బీమ్ మొత్తంగా రెండో వైపు వాలింది. కాబట్టి బీమ్ నిజంగా అనుభవించే మలుపు 0.002 కాదు, 0.00222. అంటే 1.11 రెట్లు. బీమ్ పొట్టిదైంది గనక అంతే మలుపుకి ఇంకో 1.11 రెట్లు మూమెంట్, అంటే వంచే ప్రభావం, పుడుతుంది. ముఖం దగ్గర పుట్టిన ఆ మూమెంట్ నోడ్‌కి చేరేసరికి, షియర్‌ని, అంటే బీమ్‌ని అడ్డంగా కోసే బలాన్ని, చేయి పొడవుతో గుణించగా వచ్చేది కూడా దానికి కలిసి, మళ్ళీ 1.11 రెట్లవుతుంది. మూడు 1.11లని గుణించి చూడండి, 1.37 వస్తుంది.

పొడవు ఘనానికి విలోమానుపాతం అని పుస్తకంలో ఒక ముక్కలో చెప్పేది ఇదే. ఆ ఘనం వెనక మూడు వేర్వేరు కారణాలున్నాయని తెలిస్తే, అందులో ఏది మర్చిపోతే ఎంత తేడా వస్తుందో కూడా తెలుస్తుంది. బీమ్ పొడవుని మాత్రం 5.4 అని రాసి చేతిని వదిలేస్తే మూడింట్లో ఒక్కటే లెక్కలోకి వస్తుంది.

ఇదే లెక్క కాలమ్‌కి వేస్తే ఇంకా గట్టిగా తగులుతుంది. అంతస్తు ఎత్తు 3 మీటర్లు, బీమ్ లోతు 600 మి.మీ. అయితే వంగే కాలమ్ 2.4 మీటర్లే. 3ని 2.4తో భాగించి ఘనం చేస్తే 1.95. దాదాపు రెట్టింపు.

ఇక షియర్ వాల్స్, అంటే పక్కనుంచి వచ్చే బలాల్ని మోసే గోడల, దగ్గరికొస్తే ఇది సవరణ స్థాయి దాటిపోతుంది. 4 మీటర్ల పొడవున్న రెండు గోడలు, మధ్యలో 2 మీటర్ల ఖాళీ, ఆ ఖాళీ మీద రెంటినీ కలిపే ఒక కప్లింగ్ బీమ్. గోడల్ని వాటి మధ్యగీతల దగ్గర కాలమ్‌లుగా పెడితే నోడ్‌ల మధ్య దూరం 6 మీటర్లు, నిజమైన బీమ్ 2 మీటర్లు. గోడ 0.001 రేడియన్ తిరిగితే దాని అంచు 2 మి.మీ. లేస్తుంది, ఎదుటి గోడ అంచు 2 మి.మీ. దిగుతుంది. 2 మీటర్ల బీమ్ ఈ 4 మి.మీ. తేడాని మింగాలి. వంపు ఒక్కటే లెక్కేస్తే నిష్పత్తి 3 ఘనం, అంటే 27 రెట్లు. అంత పొట్టి బీమ్‌లో షియర్ వల్ల వచ్చే రూపమార్పు కూడా పెద్దదే గనక అసలు తేడా అంతకంటే తగ్గుతుంది. అయినా గోడ అంచు దాకా చేయి పెట్టకపోతే ఆ రెండు గోడలూ కలిసి పనిచేయడమన్నదే మోడల్‌లో కనిపించదు.

వంగనిదాన్ని లెక్కలో పెట్టడం

చాలామంది మొదట చేసే పని, నోడ్‌కీ ముఖానికీ మధ్య ఒక బుల్లి మెంబర్ గీసి దానికి బ్రహ్మాండమైన స్టిఫ్‌నెస్ ఇవ్వడం. పని జరుగుతుంది. కానీ ఎంత ఇవ్వాలన్నది చూసుకోవాలి. 300 మి.మీ. ముక్క, అదే సెక్షన్ (అడ్డకోత) ఉన్న 6 మీటర్ల బీమ్ కంటే ఇప్పటికే 8,000 రెట్లు గట్టిది, ఎందుకంటే 20 ఘనం 8,000. దాన్ని ఇంకో 10 లక్షలతో గుణిస్తే ఒకే మాట్రిక్స్‌లో (లెక్క కోసం అంకెలు పేర్చిన పట్టికలో) 800 కోట్ల రెట్లు తేడా ఉన్న అంకెలు పక్కపక్కన కూర్చుంటాయి. కంప్యూటర్ మామూలుగా 15, 16 అంకెల దాకా గుర్తుపెట్టుకుంటుంది. పెద్దదానిలో చిన్నదాన్ని కూడినప్పుడు చిన్నదాని చివరి అంకెలు రాలిపోతాయి. అలా పది అంకెల దాకా పోగొట్టుకుంటే మిగిలేది ఐదారు. ఇలాంటి ముక్కలు వందల కొద్దీ ఉంటే సమతుల్యత తేడాలు రిపోర్టులో తొంగిచూడటం మొదలవుతుంది. నా మట్టుకు 100 నుంచి 1,000 రెట్లు చాలు. అంతకు మించి ఇచ్చినా జవాబు మారదు, మనకి కంగారు పెరగడం తప్ప.

అసలు ఆఫ్‌సెట్ కమాండ్ చేసే పని వేరు. అక్కడ కొత్త మెంబర్ ఏదీ పుట్టదు. చేయి వంగదు కాబట్టి కొస కదలిక అంతా నోడ్ కదలికలోంచే చెప్పేయొచ్చు. నోడ్ ఎంత జరిగిందో కొస అంతా జరుగుతుంది, దానికి తోడు నోడ్ తిరిగినంత మేర చేయి పొడవుతో గుణించి ఇంకొంచెం జరుగుతుంది. మలుపు ఇద్దరిదీ ఒకటే. ఈ సంబంధాన్ని ఒక చిన్న మాట్రిక్స్‌గా రాసి, మెంబర్ స్టిఫ్‌నెస్ మాట్రిక్స్‌ని రెండు పక్కలా దానితో గుణిస్తారు, ఒక పక్క మామూలుగా, రెండో పక్క తిరగేసి. స్టిఫ్‌నెస్ నోడ్‌కి బదిలీ అయిపోతుంది. కొత్త నోడ్‌లు లేవు, కొత్త అజ్ఞాతాలు లేవు, అంకెలు రాలిపోవడం లేదు. "అనంతమైన స్టిఫ్‌నెస్" అన్న మాటే లెక్కలోకి రాదు. అందుకే సాఫ్ట్‌వేర్‌లో ఈ సదుపాయం ఉన్నచోట డమ్మీ మెంబర్ జోలికి పోకపోవడమే మేలు.

ముఖం దగ్గర మూమెంట్, నోడ్ దగ్గర మూమెంట్

చేయి పెట్టాక రిజల్ట్స్ ఎక్కడివి అన్న ప్రశ్న వస్తుంది. నోడ్ దగ్గర మూమెంట్ 250 కిలోన్యూటన్-మీటర్లు, షియర్ 150 కిలోన్యూటన్‌లు అనుకుంటే, 0.3 మీటర్ల అవతల ముఖం దగ్గర మూమెంట్ సుమారు 205. స్టీలు కమ్మీల లెక్క వేయాల్సింది ఈ 205కే. బీమ్ విరిగితే ముఖం దగ్గర విరుగుతుంది, కాలమ్ మధ్యలో కాదు.

ఆఫ్‌సెట్ ఇచ్చినప్పుడు చాలా ప్రోగ్రాములు మూమెంట్‌ని ముఖం దగ్గరే చూపిస్తాయి. ఇది తెలియక, మోడల్ ఇచ్చిన 205నే నోడ్ మూమెంట్ అనుకుని, పాత అలవాటు కొద్దీ సపోర్ట్ వెడల్పుకి ఇంకోసారి కోత వేసేవాళ్ళున్నారు. ఒకే తగ్గింపు రెండుసార్లు. 160 దగ్గర తేలతారు. రెండో గందరగోళం కొత్తగా చేరినవాళ్ళది. జాయింట్ దగ్గర బీమ్‌ల మూమెంట్లూ కాలమ్‌ల మూమెంట్లూ కూడితే సున్నా రావడం లేదేంటని గంటలు గంటలు వెతుకుతారు. రాదు. అవన్నీ వేర్వేరు ముఖాల దగ్గరివి. ఒక్కోదాని షియర్‌ని దాని చేయి పొడవుతో గుణించి కలిపితే అప్పుడు సరిపోతుంది.

శాప్2000, ఈట్యాబ్స్ ప్రోగ్రాములు వాడేవాళ్ళు గమనించాల్సింది ఇంకోటి ఉంది. వాటిలో ఆఫ్‌సెట్ పొడవు వేరు, అందులో ఎంత భాగం గట్టిది అన్న ఫ్యాక్టర్ వేరు. పొడవు ఇచ్చి ఫ్యాక్టర్ సున్నా పెడితే మూమెంట్ ముఖం దగ్గర చూపిస్తుంది గానీ స్టిఫ్‌నెస్ మాత్రం సెంటర్‌లైన్ మోడల్‌దే, అంటే చేయి లేకుండా మధ్య నుంచి మధ్యకి గీసినదే. 1 పెడితే పూర్తిగా వంగని చేయి. పైగా ఆ ఫ్యాక్టర్ వంపుకీ షియర్‌కీ మాత్రమే. పొడవు వెంట కుదించుకోవడం, మెలితిరగడం పూర్తి పొడవు మీదే లెక్కవుతాయి. "ఆఫ్‌సెట్ పెట్టాం కదా" అన్న ఒక్క మాటకి ఇన్ని అర్థాలున్నాయి. ఎవరైనా ఆ మాట అంటే, ఫ్యాక్టర్ ఎంత అని తప్పకుండా అడుగుతాను.

మరి ఆ దిమ్మ నిజంగా వంగదా?

వంగదు గానీ నలుగుతుంది. బీమ్ మూమెంట్ అంటే పైన లాగుడు, కింద తోపుడు. ఎదురు బీమ్ నుంచి కూడా అదే జత వస్తుంది. ఈ రెండు జతల మధ్య ఇరుక్కున్న జాయింట్, చతురస్రం నుంచి వాలిన చతురస్రంగా మారుతుంది. స్టీలు ఫ్రేముల్లో ఆ భాగాన్ని ప్యానెల్ జోన్ అంటారు. కాలమ్ వెబ్ (నడిమి రేకు) పలచనైతే ఆ వాలు చిన్నదేం కాదు. కాంక్రీటులో జాయింట్‌లో పగుళ్ళు వస్తాయి, బీమ్ కమ్మీలు జాయింట్ లోపల కొద్దిగా జారుతాయి, ముఖం దగ్గర బీమ్ దాని వల్ల అదనంగా తిరుగుతుంది.

అందుకే స్టీలు ఫ్రేముల్లో సెంటర్‌లైన్ మోడల్ చాలాసార్లు అనుకున్నంత చెడ్డది కాదు. అది బీమ్, కాలమ్‌ల వంపుని ఎక్కువ చేసి చూపిస్తుంది, ప్యానెల్ జోన్ వాలుని అసలు చూపించదు. ఒక తప్పు ఇంకో తప్పుని కప్పేస్తుంది. పూర్తి రిజిడ్ చేయి పెట్టి ప్యానెల్ జోన్‌ని మర్చిపోయినవాడు ఆ రెండు తప్పుల్లో ఒక్కదాన్నే సరిదిద్ది, మొత్తం జవాబుని ముందుకంటే పాడుచేస్తాడు.

కాంక్రీటు జాయింట్లకి, పాత భవనాల భూకంప అంచనా కోసం వాడే అమెరికా ప్రమాణం ఏఎస్‌సీఈ 41 ఒక తెలివైన దారి పెట్టింది. జాయింట్‌లో కలిసే కాలమ్‌ల మూమెంట్ కెపాసిటీ మొత్తాన్ని బీమ్‌ల మొత్తంతో పోల్చమంటుంది. కాలమ్‌లది 1.2 రెట్లకి మించితే జాయింట్ లోపలి కాలమ్ భాగం రిజిడ్, బీమ్ భాగం కాదు. 0.8 కంటే తక్కువైతే బీమ్ భాగం రిజిడ్, కాలమ్ భాగం కాదు. మధ్యలో ఉంటే రెండింటికీ సగం సగం. ఏది ముందు దెబ్బతింటుందో దాని పగుళ్ళూ కమ్మీల జారుడూ జాయింట్ లోపలికి చొచ్చుకొస్తాయి, అందుకని దాన్ని మెత్తగా వదిలేయాలన్నది ఇందులోని ఆలోచన. ప్రోగ్రాములో 0.5 అని గుడ్డిగా పెట్టే అలవాటుకి కాస్తయినా అర్థం దొరికేది ఇక్కడే.

స్టిఫ్‌నెస్ తక్కువగా తీసుకుంటే సేఫ్ సైడ్ కదా అని అడుగుతారు. ఏ విషయంలో సేఫ్? మెత్తటి మోడల్ డ్రిఫ్ట్‌ని, అంటే భవనం పక్కకి జరగడాన్ని, ఎక్కువ చూపిస్తుంది, అది మంచిదే. కానీ కంపన కాలం పెరిగి భూకంప బలం చాలాసార్లు తగ్గిపోతుంది. గట్టి మోడల్‌లో ఇది తిరగబడుతుంది. నేనైతే ఫ్యాక్టర్ సున్నాతో ఒకసారి, 1తో ఒకసారి నడిపి చూస్తాను. తేడా 5 శాతం లోపుంటే వాదన అనవసరం. 30 శాతం ఉంటే అప్పుడు కూర్చుని ఆలోచించాలి.

పక్కకి జరిగిన గీతలు

ఇప్పటిదాకా చెప్పిన చేయి మెంబర్ దారిలోనే ఉంది. దాన్ని పైకో కిందికో పక్కకో తిప్పితే వ్యవహారం మారిపోతుంది. ఇక్కడ తేడా శాతాల్లో ఉండదు.

కొత్తలో నేను చేసిన పొరపాటు ఒకటి చెబుతాను. 8 మీటర్ల సాదా బీమ్, 300 వెడల్పు, 600 లోతు, మీటరుకి 30 కిలోన్యూటన్‌ల లోడు. మధ్యలో మూమెంట్ 240 అని నోటికే చెప్పొచ్చు. బీమ్ సపోర్టుల మీద కూర్చుంటుంది కాబట్టి నోడ్‌లు బీమ్ అడుగున ఉండాలని, గీతని 300 మి.మీ. పైకి ఆఫ్‌సెట్ చేశాను. రెండు చివరలా పిన్ సపోర్టులు, అంటే తిరగనిచ్చి జరగనివ్వనివి. మూమెంట్ 120 వచ్చింది. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు నేనూ ఆ 120కే స్టీలు వేసేశాను. డ్రాయింగులు చూసిన పెద్దాయన మూమెంట్ సంగతి ఎత్తలేదు. "బీమ్‌లో 400 కిలోన్యూటన్‌ల యాక్సియల్ ఎందుకొచ్చింది బాబూ?" అన్నారు. యాక్సియల్ అంటే బీమ్ పొడవు వెంట పనిచేసే బలం.

బీమ్ వంగినప్పుడు దాని చివరలు తిరుగుతాయి, అడుగు అంచులు బయటికి జరగాలని చూస్తాయి. రెండు పిన్‌లూ వాటిని జరగనివ్వవు, లోపలికి నెడతాయి. ఆ తోపుడు బీమ్ మధ్యగీతకి 300 మి.మీ. కింద పనిచేస్తుంది కాబట్టి చివర్లో వ్యతిరేక మూమెంట్ పుడుతుంది. 400 ఇంటూ 0.3 అంటే 120. బీమ్ చడీచప్పుడు లేకుండా ఆర్చ్ అయిపోయింది. దీర్ఘచతురస్ర సెక్షన్‌కి, లోడు పొడవునా సమంగా ఉండి, సపోర్టులు అడుగున ఉండి అసలు కదలకపోతే, వెడల్పు, లోతు, మెటీరియల్ ఏవైనా సరే, మధ్య మూమెంట్ కచ్చితంగా సగమవుతుంది. లెక్క తప్పు కాదు. కదలని సపోర్టు అన్న ఊహే అబద్ధం. గోడో బేరింగో 400 కిలోన్యూటన్‌లని ఒక్క మి.మీ. కూడా జరగకుండా పట్టి ఉంచదు. ఒక సపోర్ట్‌ని రోలర్‌గా, అంటే పక్కకి జరగనిచ్చేదిగా, మారిస్తే 400 పోయి 240 తిరిగొచ్చింది.

స్లాబ్ కింద బీమ్ పెట్టినప్పుడు ఇదే కథ వేరే వేషంలో వస్తుంది. స్లాబ్‌ని ప్లేట్‌గా, బీమ్‌ని కిందికి ఆఫ్‌సెట్ చేసిన గీతగా పెడితే స్లాబ్ తోపుడులోకి, బీమ్ లాగుడులోకి వెళ్తాయి. బీమ్ మూమెంట్ 110, లాగుడు 500 కిలోన్యూటన్‌లు, మధ్యగీతల దూరం 0.3 మీటర్లు, స్లాబ్ సొంత మూమెంట్ 10 అనుకోండి. ఆ సెక్షన్ మోస్తున్నది 110 కాదు. 110, 10, ఇంకా 500 ఇంటూ 0.3 అంటే 150, వెరసి 270. బీమ్ డయాగ్రామ్ ఒక్కటే ప్రింట్ తీసి డిజైన్ చేసినవాడు అసలు మూమెంట్‌లో సగం కూడా చూడలేదు. వంతెన డెక్, గర్డర్ లాంటి వాటిలో ఈ పద్ధతికి అర్థముంది, కాకపోతే సెక్షన్ మొత్తాన్ని కోసి బలాలు కూడాలి. మామూలు కాంక్రీటు అంతస్తుల్లో నేను బీమ్‌ని స్లాబ్ మధ్యగీత దగ్గరే ఉంచి, టీ సెక్షన్ (స్లాబ్, బీమ్ కలిసిన టీ ఆకారం) స్టిఫ్‌నెస్ విడిగా ఇస్తాను. పగిలిన కాంక్రీటు 500 కిలోన్యూటన్‌ల లాగుడుని పగలనంత గట్టిగా మోస్తుందని మోడల్ చెబితే నమ్మబుద్ధి కాదు.

బొమ్మని నమ్మినా ప్రమాదమే. శాప్2000 లాంటి ప్రోగ్రాముల్లో మెంబర్‌ని పైఅంచు దగ్గర వేలాడదీసే ఇన్సర్షన్ పాయింట్ ఉంటుంది, పక్కనే ఆ జరుపుడుని స్టిఫ్‌నెస్‌లో లెక్కేయాలా వద్దా అనే టిక్ ఉంటుంది. వద్దంటే బొమ్మలో బీమ్ కింద, లెక్కలో పైన. స్టాడ్ అనే ప్రోగ్రాములో ఆఫ్‌సెట్ మామూలుగా గ్లోబల్ దిశల్లో (మొత్తం మోడల్‌వి) ఇవ్వాలి, లోకల్ (మెంబర్ సొంత దిశలు) కావాలంటే ఆ మాట రాయాలి. ఏటవాలు మెంబర్‌కి ఇది మర్చిపోతే చేయి ఎటో గాల్లోకి పోతుంది.

పిన్ ఎక్కడుందో కూడా చూసుకోవాలి. 400 మి.మీ. స్టీలు కాలమ్ ముఖానికి బోల్టు చేసిన బీమ్ 200 కిలోన్యూటన్‌ల రియాక్షన్ ఇస్తే, పిన్ ముఖం దగ్గర ఉంది గనక కాలమ్‌కి 40 కిలోన్యూటన్-మీటర్ల మూమెంట్ వస్తుంది. సెంటర్‌లైన్ మోడల్‌లో అది సున్నా. లోపలి కాలమ్‌కి రెండు వైపులా బీమ్‌లుంటే కొట్టేసుకుంటాయి, అంచు కాలమ్‌కి అడ్డు పడేవాళ్ళు లేరు.

అన్నిట్లోకీ ఖరీదైనది కాలమ్ సైజు మారే అంతస్తు. కింద 800 మి.మీ., పైన 500 మి.మీ., బయటి ముఖం ఒకే వరసలో ఉండాలని ఆర్కిటెక్ట్ అడిగారు. మధ్యగీతలు 150 మి.మీ. ఎడంగా ఉంటాయి. పైనుంచి 2,000 కిలోన్యూటన్‌లు దిగుతుంటే అక్కడ 300 కిలోన్యూటన్-మీటర్లు పుడుతుంది. మోడల్ గీసేటప్పుడు రెండు కాలమ్‌లూ ఒకే గ్రిడ్ గీత మీదికి లాగేస్తే ఆ 300 ఎక్కడా కనిపించదు. కనిపించనంత మాత్రాన పోదు. పై కాలమ్, కింది కాలమ్, ఆ అంతస్తు బీమ్ వాటి వాటి స్టిఫ్‌నెస్‌ని బట్టి పంచుకుంటాయి. అది వాటి స్టీలు లెక్కలో ఉందో లేదో చూడాలంటే, ఆ ఒక్క కాలమ్‌కి 150 మి.మీ. చేయి పెట్టి ఇంకోసారి రన్ చేయాలి.